సుప్రీంకోర్టు తీర్పు ఉన్నా అది మీ కేసుకు ఎందుకు వర్తించకపోవచ్చు

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు కుదించి రాస్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. తాతగారి నాటి భూమిలో వాటా కోసం మీ సోదరులపై మీరు వేసిన భాగపంపిణీ దావా నడుస్తోంది. మీ పెళ్లి 1983లో అయింది, నాన్నగారు 2001లో పోయారు. 1998లోనే నోటిమాటగా పంపకాలు అయిపోయాయని మీ సోదరులు జవాబు దాఖలు చేశారు. దావాపై హైకోర్టు నుంచి స్టే తెచ్చుకుని ఏడాది దాటింది. మధ్యలో రాజీ కోసమని తమ్ముడు ఇచ్చిన చెక్కు ఈ మధ్యే బ్యాంకులో చెల్లలేదు. మోసం చేశాడని ఫిర్యాదు ఇస్తే పోలీసులు కేసు నమోదు చేయలేదు. వీటికి తోడు మీ వారి పెన్షన్ నుంచి రికవరీ, మీ అమ్మాయి విడాకుల వ్యవహారం. ఫోనుకు వచ్చినవీ పత్రికల్లో కత్తిరించినవీ కలిపి ఆరు సుప్రీంకోర్టు తీర్పులు పట్టుకుని వెళ్తే మీ న్యాయవాది "ఒకటి పనికొస్తుంది, పెన్షన్‌ది కాగితాలు చూస్తే గానీ చెప్పలేను, మిగతావి పక్కన పెట్టండి" అన్నారు. ఆయన అసలు చదివారా అన్నది మీ అనుమానం.

చదివారనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఆయన చెప్పింది సరైన మాటే. కాకపోతే ఎందుకో విడమరచి చెప్పాల్సింది. వాయిదాకు వాయిదాకు మధ్య వరండాలో నిలబడి చెప్పగలిగినంత చిన్న విషయం కాదు కాబట్టి ఆయన తరఫున నేను చెబుతాను.

రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టాన్ని దేశంలోని కోర్టులన్నీ పాటించి తీరాలి. పాటించాల్సింది ప్రకటించిన చట్టాన్ని. ఎవరు గెలిచారన్నది చట్టం కాదు, తీర్పులోని ప్రతి వాక్యమూ చట్టం కాదు. ఆ కేసు వాస్తవాల మీద ఆ ఫలితానికి చేరడానికి ఏ సూత్రం అవసరమైందో అదే కింది కోర్టును కట్టిపడేస్తుంది. మిగతాది సందర్భవశాత్తు చేసిన వ్యాఖ్య. సుప్రీంకోర్టు నోట వచ్చింది కాబట్టి దానికీ గౌరవం ఉంటుంది గానీ, ఆ బలం వేరు. ఒక తీర్పు తాను నిజంగా తేల్చిన విషయానికే ప్రమాణమనీ, అందులోంచి తర్కం లాగి ఇంకో విషయానికి అతికించకూడదనీ 1901లోనే, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ఇంగ్లండ్ ప్రభువుల సభ చెప్పింది. మన సుప్రీంకోర్టు 1960లలో ఆ మాటను స్వీకరించి, ఆ తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసింది. అందుకే ఎదుటి పక్షం ఒక తీర్పు చూపించగానే ఏ న్యాయవాది అయినా మొదట చూసేది చివరి పేజీని కాదు. ఆ కేసులో ఏం జరిగిందో, అక్కడ కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటో చెప్పే మొదటి పేజీలను చూస్తారు.

ఇక మీ ఆరు తీర్పులు. అసలు బలం ఉన్నది కూతుళ్ల వాటాపై వచ్చిన తీర్పులో కాబట్టి దాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

అది వినీతా శర్మ కేసు, 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చింది. మీ చేతిలోని కత్తిరింపులో శీర్షిక "కూతుళ్లకూ సమాన హక్కు" అని ఉంది. ఆ హక్కును సృష్టించింది ఆ తీర్పు కాదు. హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ 2005 సెప్టెంబర్ 9 నుంచే ఆ హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయితే 1986లో చేసిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచే ఇచ్చింది గానీ, ఆ తేదీకి పెళ్లి కాని కూతుళ్లకే. 1983లో పెళ్లయిన మీరు దాని కిందికి రాలేదు. కేంద్ర సవరణ ఆ తేడాను చెరిపేసింది. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే ఇప్పుడు లేదు.

మరి 2020లో కోర్టు ముందున్న వివాదం ఏమిటి? సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్నది. 2015లో ఇద్దరు న్యాయమూర్తులు బతికి ఉండాలన్నారు. 2018లో మరో ఇద్దరు, తండ్రి 2001లో చనిపోయిన కేసులో కూడా కూతుళ్లకు వాటా ఇచ్చారు. రెండూ సమాన బలం గల ధర్మాసనాలు, రెండు దారులు. మధ్యలో కింది కోర్టులు దేన్ని పట్టుకోవాలో తెలియక చాలా దావాలు అటూ ఇటూ ఊగాయి. చివరికి ముగ్గురి ధర్మాసనం, హక్కు పుట్టుకతోనే వస్తుంది కాబట్టి తండ్రి ఆ రోజుకు ఉన్నారా పోయారా అన్నది అనవసరమని తేల్చి, 2015 తీర్పును పక్కన పెట్టింది. మీ నాన్నగారు పోయింది 2001లో. అంటే 2015 తీర్పు నిలిచి ఉంటే ఉమ్మడి ఆస్తి విషయంలో మీ దావా అక్కడే కుంటుపడేది. మీ న్యాయవాది పనికొస్తుందన్నది ఇందుకే.

అయితే అదే తీర్పులో మీ సోదరులు పట్టుకునే భాగమూ ఉంది. 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిన పంపకాలను, అమ్మకాలను సవరణ తాకదు. ఆ పంపకం రిజిస్టరైన పత్రం ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగి ఉండాలి. నోటిమాట పంపకం అన్న వాదనను మామూలుగా అంగీకరించరాదనీ, కేవలం సాక్షుల మాటల మీద నిలబడితే తోసిపుచ్చాలనీ కోర్టు చెప్పింది. ఒక చిన్న కిటికీ మాత్రం తెరిచి ఉంచింది: ఆ నోటిమాట పంపకానికి అప్పటి ప్రభుత్వ దస్తావేజుల మద్దతు బలంగా ఉండి, డిక్రీ ద్వారా జరిగినంత స్పష్టంగా తేలితే, అరుదుగా ఒప్పుకోవచ్చు. మీ సోదరులు 1998 తర్వాత విడివిడిగా పాసు పుస్తకాలు తీసుకుని ఉంటే, విడివిడిగా బ్యాంకులో తాకట్టు పెట్టి ఉంటే, ఆ కిటికీలోంచే లోపలికి రావాలని చూస్తారు. రెవెన్యూ రికార్డులో పేరు మారడం వల్ల హక్కు రాదన్నది స్థిరపడిన సూత్రమే, కానీ ఇక్కడ వాళ్లు ఆ పేరును హక్కుకు కాదు, పంపకం జరిగిందనడానికి రుజువుగా చూపిస్తారు. తేడా సన్నగా ఉంటుంది, దావా గెలుపోటములు చాలాసార్లు అక్కడే తేలతాయి. అందుకని 1998కి ముందు, ఆ తర్వాత అడంగళ్లు (సాగు, అనుభవం వివరాల రెవెన్యూ రికార్డు), ఈసీ (భూమిపై జరిగిన రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), సోదరుల తాకట్టు పత్రాల నకళ్లు ఇప్పుడే తీయించండి. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కాబట్టి ఇంకేమీ లేదన్న మాట కూడా వస్తుంది. వాటా వదులుకుంటున్నానని మీరు సంతకం చేసిన రిజిస్టరైన విడుదల దస్తావేజు ఉందా అన్నదే దానికి ఎదురు ప్రశ్న.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. మీ ప్రశ్నలో దాని ఊసే లేదు. ఆ భూమి తాతగారికి ఎలా వచ్చింది, ఆయన ఎప్పుడు పోయారు? తాత ఆస్తి అంతా పిత్రార్జితమేననీ, మనవలకు పుట్టుకతో హక్కు ఉంటుందనీ అందరూ అనుకుంటారు. అలా కాదు. తాతగారు ఆ భూమిని స్వయంగా సంపాదించి, హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చిన 1956 జూన్ 17 తర్వాత వీలునామా రాయకుండా పోయి ఉంటే, అది 8వ సెక్షన్ కింద మీ నాన్నగారికి ఆయన సొంత ఆస్తిగా వస్తుంది. సుప్రీంకోర్టు 1986లోనే ఈ మాట చెప్పింది. అప్పుడు కొడుకులకూ పుట్టుకతో హక్కు లేదు, కూతురికీ లేదు. నాన్నగారు వీలునామా రాయకుండా పోతే అమ్మతో, సోదరులతో సమానంగా మీకు వాటా వస్తుంది. దానికి 2005 సవరణతో గానీ వినీతా శర్మ తీర్పుతో గానీ పనే లేదు. పైగా, తండ్రి బతికుండగా ఆయన సొంత భూమిని కొడుకులు 1998లో నోటిమాటగా పంచుకున్నామంటే చట్టంలో దానికి కాళ్లుండవు. భూమిని దానం చేయాలంటే రిజిస్టరైన పత్రం కావాలి. వాళ్లు దాన్ని కుటుంబ ఏర్పాటు అని పేరు మార్చి చెప్పవచ్చు, అది వేరే పోరు. అయితే నాన్నగారు సోదరుల పేర వీలునామా రాసి, వాళ్లు దాన్ని రుజువు చేయగలిగితే ఈ దారిలో మీకు మిగిలేది ఏమీ ఉండదు. దావాలో ఈ రెండు దారులనూ, ఉమ్మడి ఆస్తి అయితే ఇలా, నాన్నగారి సొంత ఆస్తి అయితే అలా అని, ప్రత్యామ్నాయంగా అడిగారో లేదో మీ న్యాయవాదిని అడగండి. అడగకపోయి ఉంటే సవరణ దరఖాస్తు ఇప్పుడే వేయడం నయం. విచారణ మొదలయ్యాక అనుమతి దొరకడం కష్టమవుతుంది.

స్టే గురించి మీ దగ్గరున్నది 2018 తీర్పు. ఆరు నెలలు దాటితే స్టే దానంతట అదే రద్దవుతుందని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అప్పుడు చెప్పిన మాట నిజమే. దాన్ని 2024 ఫిబ్రవరి 29న ఐదుగురి ధర్మాసనం తోసిపుచ్చింది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో స్టే పోదని ఇప్పటి చట్టం. కాబట్టి ఏడాది దాటినా మీ సోదరుల స్టే బతికే ఉంది, కింది కోర్టులో 2018 తీర్పు చూపించి దావా నడిపించమని అడగలేరు. హైకోర్టులోనే స్టే తొలగించమని దరఖాస్తు వేయాలి. ఈ 2018 తీర్పు ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంది, దాన్ని కొట్టేసిన తీర్పు మాత్రం ఎవరూ పంపరు. మంచి వార్తకు ఉన్నంత పరుగు దాని రద్దుకు ఉండదు.

చెక్కు గురించి మీరు పంపిన 2014 తీర్పుది ఇంకో తరహా చావు. చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఉన్న చోటే కేసు వేయాలని అది చెప్పింది. దేశమంతటా వేలాది ఫిర్యాదులు ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు మారాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే పార్లమెంటు చట్టాన్ని సవరించి, మీరు చెక్కు జమ చేసిన ఖాతా ఏ శాఖలో ఉందో ఆ పరిధిలోని కోర్టులోనే వేయవచ్చని రాసింది. ఆ తీర్పును ఏ ధర్మాసనమూ కొట్టేయలేదు, అయినా ఆ భాగం నేటికి పనికిరాదు. తీర్పు కింద ఉన్న చట్టం మారితే తీర్పు కూడా కదులుతుంది.

పోలీసుల విషయమూ దాదాపు ఇదే. కాగ్నిజబుల్ నేరమని, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరమని, ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని 2013లో ఐదుగురి ధర్మాసనం చెప్పింది. కానీ కుటుంబ తగాదాలు, వ్యాపార లావాదేవీల నేరాలు, మూడు నెలలు దాటి ఆలస్యంగా వచ్చిన ఫిర్యాదుల వంటి వాటిలో ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని అదే తీర్పు చివర్లో ఉంది. మీకు వచ్చిన మెసేజ్‌లో ఆ పేరా లేదు. పైగా 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రక్రియా చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో పైఅధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. అన్నదమ్ముల మధ్య చెక్కు, భూమి ఉన్న ఫిర్యాదును పోలీసులు సివిల్ వ్యవహారమని పక్కన పెడితే, ఆ తీర్పు ఒక్కటే చూపించి గట్టెక్కడం కష్టం. నా అభిప్రాయం అడిగితే ఆ ఫిర్యాదు వెంట తిరిగే ఓపికను చెక్కు కేసు మీద పెట్టండి.

అమ్మాయి విడాకుల దగ్గర మీరు పట్టుకున్నది 2023 మే 1న వచ్చిన ఐదుగురి ధర్మాసనం తీర్పు. తిరిగి అతకనంతగా విరిగిపోయిన వివాహాన్ని, ఒకరు ఒప్పుకోకపోయినా, రద్దు చేయవచ్చని అందులో ఉంది. నిజమే, కానీ ఆ అధికారం సుప్రీంకోర్టుది మాత్రమే. పూర్తి న్యాయం చేయడానికి రాజ్యాంగం 142వ అధికరణం ఇచ్చిన ప్రత్యేక అధికారంతో చేసిన పని అది. ఫ్యామిలీ కోర్టుకు గానీ హైకోర్టుకు గానీ ఆ అధికారం లేదు. నేరుగా సుప్రీంకోర్టులో రిట్ వేసి అడగడానికీ లేదని ఆ తీర్పే చెప్పింది. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో అలాంటి కారణమే లేదు. మీ అల్లుడు ఒప్పుకోవడం లేదు కాబట్టి క్రూరత్వమో, విడిచిపెట్టి వెళ్లడమో రుజువు చేయాల్సిందే. దీనికి ఉపయోగపడేది మీ దగ్గర లేని తీర్పు: అదే ఏడాది ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తులు, ఏళ్ల తరబడి విడిగా ఉంటూ కేసుల మీద కేసులు వేసుకున్న దంపతుల విషయంలో, ఆ బంధాన్ని అలాగే కొనసాగించడమే ఇద్దరిపైనా క్రూరత్వమని చెప్పి విడాకులను సమర్థించారు. ఇది 13వ సెక్షన్ లోపలే నడిచే వాదన. అల్లుడు మనసు మార్చుకుని పరస్పర అంగీకారానికి వస్తే ఆరు నెలల నిరీక్షణను కోర్టు రద్దు చేయవచ్చని 2017 నుంచి ఉంది, దానికీ షరతులున్నాయి.

ఎవరికో 142 కింద దొరికిన ఊరటను మాకూ ఇవ్వమని కింది కోర్టుల్లో అడగడం మామూలైపోయింది. తీర్పులో ఆ సంఖ్య కనిపిస్తే అక్కడే ఆగి, సుప్రీంకోర్టు ఇక్కడ సూత్రం చెప్పిందా, ఒక కుటుంబాన్ని గట్టెక్కించిందా అని చూడండి.

పెన్షన్ రికవరీపై మీ దగ్గరున్న 2014 డిసెంబర్ తీర్పు ఉద్యోగులకు బాగా అనుకూలమైనదే. ఉద్యోగి మోసం చేయకుండా, ప్రభుత్వ పొరపాటు వల్ల ఎక్కువ జీతం ఇచ్చి ఉంటే, పదవీ విరమణ చేసినవారి నుంచీ, ఏడాదిలోపు చేయబోయేవారి నుంచీ, కింది తరగతి ఉద్యోగుల నుంచీ వసూలు చేయకూడదని చెప్పింది. అయితే 2016లో ఇంకో కేసు వచ్చింది. వేతనం ఖరారు చేసేటప్పుడే, ఎక్కువ చెల్లింపు జరిగితే తిరిగి ఇస్తానని హామీ రాసిచ్చిన అధికారి అందులో ఉన్నారు. హామీ ఇచ్చినవారికి 2014 తీర్పు రక్షణ లేదని కోర్టు తేల్చింది. రెండు తీర్పులూ నేటికీ బతికే ఉన్నాయి. మీ వారిది ఏ గట్టున పడుతుందో ఒక కాగితం మీద ఆధారపడి ఉంటుంది. వేతన సవరణ సమయంలో సంతకాలు పెట్టించుకున్న అనేక ఫారాల మధ్య ఆ హామీ పత్రం చాలాసార్లు ఉంటుంది, సంతకం పెట్టినవారికి గుర్తుండదు. సర్వీసు రిజిస్టరు నకలు సమాచార హక్కు చట్టం కింద అడగమనండి. న్యాయవాది కాగితాలు చూడాలన్నది దీనికోసమే.

ఇకముందు ఏదైనా కత్తిరింపు దొరికితే రెండు మూడు సంగతులు గమనించండి. "సుప్రీంకోర్టు సమర్థించింది" అన్న శీర్షిక వెనుక తరచూ ఉండేది ఒక్క వాక్యం: ప్రత్యేక అనుమతి పిటిషన్ (అప్పీలు వినమని సుప్రీంకోర్టును అనుమతి కోరే అర్జీ) కొట్టివేత. కారణాలు చెప్పకుండా అలా కొట్టివేస్తే హైకోర్టు తీర్పుకు సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసినట్టు కాదని 2000లోనే ముగ్గురి ధర్మాసనం తేల్చింది. విచారణలో న్యాయమూర్తులు వేసే ప్రశ్నలు, చేసే చమత్కారాలు కూడా వార్తలవుతాయి, అవి తీర్పులో ఎక్కడా ఉండవు. ఇతర రాష్ట్రాల హైకోర్టు తీర్పు మీ కోర్టును ఒప్పించగలదు గానీ కట్టడి చేయలేదు.

తీర్పు పూర్తి పాఠం సుప్రీంకోర్టు వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. వాదనలో చూపించేది మాత్రం ఆంగ్ల మూలాన్నే. కృత్రిమ మేధ ఇచ్చిన కేసుల పేర్లు చూసి మాత్రం మోసపోవద్దు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు, అసలు లేనే లేని తీర్పులను చాట్‌జీపీటీ నుంచి తెచ్చి కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. చదువుకున్న వకీళ్లకే అది జరిగింది.

మీ వ్యవహారాల్లో గడియారం వేగంగా తిరుగుతున్నది చెక్కుదే. చెల్లలేదన్న సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లో తమ్ముడికి రాతపూర్వక నోటీసు పంపాలి. ఆయనకు అది అందాక డబ్బు చెల్లించడానికి 15 రోజులు. చెల్లించకపోతే ఆ తర్వాత ఒక నెలలో ఫిర్యాదు. ఫిర్యాదులో ఆలస్యాన్ని తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు గానీ, నోటీసు గడువుకు ఆ వెసులుబాటు లేదు. ఒకవేళ ఆ 30 రోజులు ఇప్పటికే దాటిపోతే, చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలు నిండలేదేమో చూడండి. నిండకపోతే మళ్లీ బ్యాంకులో వేయవచ్చు, మళ్లీ చెల్లకపోతే కొత్తగా నోటీసు ఇవ్వవచ్చు. మొదటిసారి కేసు వేయకపోయినా రెండోసారి వేయవచ్చని 2012లో ముగ్గురి ధర్మాసనం చెప్పింది. రాజీ కుదరలేదు కాబట్టి చెక్కుకు బాకీయే లేదని తమ్ముడు వాదిస్తాడు. చెక్కుపై సంతకం తనదేనని ఒప్పుకుంటే, చెల్లించాల్సిన బాకీ ఉందని చట్టం ముందుగా భావిస్తుంది, లేదని చూపించాల్సింది ఆయనే. అయినా రాజీ షరతులు రాసుకున్న కాగితం, ఆనాటి ఫోన్ సందేశాలు ఉంటే నోటీసు ముసాయిదా రాసే ముందే న్యాయవాదికి ఇవ్వండి. బ్యాంకు మెమో మీద ఏ తేదీ ఉందో కూడా ఇక్కడ రాస్తే, ఎన్ని రోజులు మిగిలాయో లెక్క వేసి చెబుతాను.